ప్రేలుడు ప్రమాదములు - న్యాయమార్గములు

బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరు ప్రాంతముల శ్రోతలు మమ్ములను అడుగు ప్రశ్నలలో ఒకటి తరచుగా వినవచ్చుచుండును. గనిలోనో కర్మాగారములోనో ప్రేలుడు జరిగి ఇంటి మనిషి పోయినచో, మిగిలినవారు ఎవరిని అడుగవలెను, ఎక్కడ అడుగవలెను, ఏమని అడుగవలెను అన్నది ఆ ప్రశ్న. దీనికి ఒక్క మాటలో సమాధానము చెప్పుట సాధ్యము కాదు. ప్రమాదము ఎట్లు జరిగినదో తేల్చుట ఒక త్రోవ. కుటుంబమునకు పరిహారము ఇప్పించుట ఒక త్రోవ. తప్పు చేసినవారిని శిక్షించుట ఒక త్రోవ. మూడును మూడు కార్యాలయములకు పోవును. ఒకటి నెలలలో ముగియవచ్చును, మరియొకటి తరమంతయు నడువవచ్చును. మూడవది తేలినగాని రెండవది రాదని తలచి కూర్చుండుటవలన ఎన్నియో కుటుంబములు నష్టపడినవి. అందుచేత నేడు వీటిని విడదీసి చెప్పదలచినాము.

అయితే త్రోవ పట్టుటకు ముందు ఒక పుస్తకమును గూర్చి చెప్పవలెను.

గని ఎరిగిన ఇండ్లవారికి దీపాల గది తెలియును. పనిలోనికి దిగువాడు మస్టరు పడినపిమ్మట అక్కడ టోపీదీపము తీసికొనును. షిఫ్టు ముగిసి పైకి వచ్చినపుడు దానిని తిరిగి అప్పగించును. ఒక దీపము తిరిగి రాలేదన్న ఒక మనిషి ఇంకను లోపలనే ఉన్నాడని అర్థము. ఈ ఏర్పాటును చట్టము కేవలము అలవాటునకు విడిచిపెట్టలేదు. భూగర్భములో ఏ క్షణమున ఎవరెవరున్నారో ఆ క్షణముననే పేర్లతో చూపగల పుస్తకము ఉండి తీరవలెనని 1952 నాటి గనుల చట్టము 48వ విభాగములో శాసించినది. "ఏ క్షణముననైనను" అన్న ఆ మాట వెనుక ఎన్ని ప్రమాదముల అనుభవము కలదో మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ పుస్తకము విలువ ఎంతటిదో 2025లో గనులకు దూరముగా, పటాన్‌చెరు చెంతనున్న పాశమైలారములో తెలిసివచ్చినది. జూన్ 30వ తేదీ ఉదయము అక్కడి సిగాచీ ఔషధ పరిశ్రమలో ప్రేలుడు జరిగినది. భవనము కూలినది, మంటలు వ్యాపించినవి. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ మొదలగు దూరప్రాంతములనుండి కూలికి వచ్చినవారును, మన తెలుగువారును ఆ షిఫ్టులో కలిసి పనిచేయుచుండిరి. ఆ ఉదయము లోపల ఎందరున్నారన్న విషయముననే మొదట అయోమయము ఏర్పడినది. మృతదేహములు గుర్తు పట్టరాకుండుటచే బంధువుల రక్తము తీసి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసివచ్చినది. ఎనిమిదిమంది దేహములు ఎంత వెదకినను లభింపలేదు. వారితో కలిపి మృతుల సంఖ్యను 54గా లెక్కించినారు.

దేహము దొరకని మనిషి విషయములో చట్టము ఎట్లుండునో ఆలోచింపుడు. కనిపించకుండా పోయినవానిని గూర్చి ఏడేండ్లపాటు, సహజముగా తెలియవలసినవారికి ఏ వార్తయు తెలియనపుడే అతడు మరణించినట్లు భావింపవచ్చునని సాక్ష్యచట్టపు సామాన్య నియమము. అంతకు ముందే మరణమును నిర్ధారింపవలెనన్న, ఆ పూట అతడు ఆ చోట ఉన్నాడని రుజువు కావలెను. ఆ రుజువు హాజరు పుస్తకములో ఒక్క పంక్తి. ఆ పంక్తి లేనిచో అతని భార్య చట్టము దృష్టిలో వితంతువు కాదు, భర్త తోడుగా ఉన్న స్త్రీయు కాదు. ప్రేలుడు తరువాత న్యాయము ఇంత చిన్న పంక్తిపై ఆధారపడి ఉండును. కాంట్రాక్టు కార్మికుని విషయములో తరచుగా లోపించునదియు ఆ పంక్తియే.

పాశమైలారములో తయారగుచుండినది మాత్రలలో కలుపు ఒక తెల్లని పొడి. కొయ్యగుజ్జునుండి వచ్చు సెల్యులోజు అది. తినినను హాని లేనిది. అట్టి పొడి ప్రేలుట యేమని పట్టణవాసులు పలువురు ఆశ్చర్యపడినారు. బెల్లంపల్లివారికి ఆ ఆశ్చర్యము ఉండనక్కరలేదు. బొగ్గు ముద్దగా ఉన్నపుడు మెల్లగా మండును. అదే బొగ్గు మెత్తని ధూళియై గాలిలో తేలునపుడు నిప్పురవ్వ తగిలినచో ఒక్క పెట్టున ప్రేలును. మొదటి ప్రేలుడు ఊపునకు నేలమీది ధూళి లేచి రెండవ ప్రేలుడునకు ఆహారమగును. ఆ రెండవది మొదటిదానికన్న భయంకరము. 1906లో ఫ్రాన్సు దేశపు కూరియేర్ గనిలో 1,099 మంది ఇట్లే మరణించినారు. మన దేశములో 1965 మే 28వ తేదీన నేటి ఝార్ఖండ్‌లోని ధోరీ గనిలో 268 మంది బొగ్గుధూళి ప్రేలుడునకు ఆహుతియైనారు. మండని రాతిపొడిని గని దారులలో చల్లుట దీనికి విరుగుడు. పిండి, చక్కెర, సెల్యులోజు ఏదైనను సూత్రము ఒక్కటే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 37వ విభాగములో ప్రేలుడు స్వభావముగల ధూళిని పేర్కొని జాగ్రత్తలు విధించినది. పాశమైలారము విషయమున తొలి పరిశీలనలు ధూళి ప్రేలుడు వైపు చూపినవి. పోలీసులు నేరము నమోదు చేసినారు. ప్రజాప్రయోజన వ్యాజ్యము తెలంగాణ హైకోర్టుకు చేరినది. దర్యాప్తు నడకను గూర్చి ధర్మాసనము ప్రశ్నలు వేసినది. ఎవరిది తప్పో తేల్చుట న్యాయస్థానముల పని. అందులో మేము తల దూర్చము.

ఇక మొదటి త్రోవ. ప్రమాదము జరిగిన చోటు సాక్ష్యము. కావున గనిలో ప్రాణనష్టము జరిగినపుడు తనిఖీ అధికారి వచ్చువరకు ఆ స్థలమును కదిలింపరాదని బొగ్గుగనుల నిబంధనలు చెప్పుచున్నవి. మనుషులను రక్షించుటకు, మృతదేహములను తీయుటకు, మరియొక ప్రమాదమును ఆపుటకు కదిలింపవచ్చును. డెబ్బదిరెండు గంటలలో అధికారి రానిచో పని తిరిగి మొదలుపెట్టవచ్చును. గడువు చిన్నదే, ఆ మూడు దినములలోనే సాక్ష్యము నిలుచుటయో చెరుగుటయో జరుగును. యాజమాన్యము అధికారులకు పంపు ప్రమాద నోటీసు ప్రతిని కార్మిక సంఘములవారు చూడగల చోట బోర్డుపై కనీసము పదునాలుగు దినములు ఉంచవలెనని గనుల చట్టము విధించినది. ఈ నియమమును ఎరిగినవారు గని ప్రాంతములలో సైతము అరుదు.

ప్రాణనష్టము పెద్దదైనపుడు కేంద్ర ప్రభుత్వము కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ అను విచారణ సభను నియమింపవచ్చును. 1958 ఫిబ్రవరి 19న పశ్చిమ బెంగాలులోని చినాకురి గనిలో వాయువు ప్రేలి నూటడెబ్బదిమందికి పైగా మరణించినపుడు అట్టి విచారణ జరిగినది. ధోరీ విషయములోను జరిగినది. సాక్షులను పిలిపించుటకు, కాగితములు తెప్పించుటకు దానికి సివిలు న్యాయస్థానమునకుండు అధికారములు కలవు. కాని పేరులో కోర్టు ఉన్నంతమాత్రమున అది శిక్ష వేయు చోటు కాదు. కారణములు చెప్పి నివేదిక ఇచ్చుటతో దాని పని తీరును. ఈ భేదము తెలియక, విచారణ ముగిసినది గనుక న్యాయము జరిగినదని సంతోషించువారును, జరుగలేదని నిరాశ చెందువారును కలరు. ఇరువురును తొందరపడుచున్నారనియే మా అభిప్రాయము.

రెండవ త్రోవ పరిహారము. దీనిపై కొంత నిలువవలెను. ఇల్లు గడచుట దీనిమీదనే ఆధారపడి ఉండును.

ఇందులో ఒక చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో 1860లో రైలాండ్స్ అను మిల్లు యజమాని కట్టించిన చెరువు తెగి, ఆ నీరు పాత సొరంగములగుండా ఫ్లెచర్ అను ఆయన బొగ్గుగనిలోనికి చొరబడి గనిని ముంచినది. మిల్లు యజమాని స్వయముగా చేసిన తప్పు లేకపోయినను, ప్రమాదకరమైన వస్తువును తన నేలలో కూడబెట్టినవాడు అది తప్పించుకొని చేసిన నష్టమునకు బాధ్యుడని 1868లో ప్రభువుల సభ తీర్పు చెప్పినది. గని యజమానికి ఈ ఉదారన్యాయము లభించిన ఆ రోజులలోనే, గని కార్మికుని భార్య కోర్టుకు వెళ్ళినచో తోటి కార్మికుని పొరపాటునకు యజమాని బాధ్యుడు కాడని తిప్పి పంపుచుండిరి. ఒక కసాయివాని బండి కూలిన వ్యాజ్యములో 1837లో వచ్చిన తీర్పు ఆ వాదమునకు మూలము. బొగ్గు మునిగినచో తప్పు చూపనక్కరలేదు, మనిషి చచ్చినచో తప్పు చూపవలెను. ఈ వైపరీత్యమును అక్కడ 1897లో, మన దేశములో 1923లో వచ్చిన కార్మిక పరిహార చట్టములు చాలవరకు సరిదిద్దినవి.

1923 చట్టము ప్రాణము ఈ ఒక్క విషయములో ఉన్నది: పని వలన, పనిలో ఉండగా ప్రమాదము జరిగినదా అన్నదే ప్రశ్న. యజమాని తప్పు రుజువు చేయనక్కరలేదు. మృతుడు నియమము పాటించలేదు, హెచ్చరిక వినలేదు అని యజమాని చెప్పినను, మరణించిన సందర్భములో ఆ సాకు చెల్లదు. ప్రేలుడు తరువాత "వానిదే పొరపాటట" అను మాట ఊరిలో ఎంత వేగముగా పాకునో మనకు తెలిసినదే. చనిపోయినవాడు జవాబు చెప్పలేడు. పరిహారము అధికారి ఎదుట ఆ మాటకు విలువ లేదని అతని ఇంటివారు గుర్తుంచుకొనవలెను.

లెక్క ఇట్లుండును. మృతుని నెలజీతములో సగమును, అతని వయస్సునుబట్టి చట్టము పట్టికలో ఇచ్చిన అంకెతో హెచ్చింపవలెను. ముప్పదేండ్ల వయస్సునకు ఆ అంకె 207.98. జీతము ఎంత ఉన్నను లెక్కకు తీసికొను పరిమితి 2020 జనవరినుండి నెలకు 15,000 రూపాయలైనది. కావున ముప్పదేండ్లవాడు అంత జీతముపై మరణించినచో 7,500ను 207.98తో హెచ్చింపగా 15,59,850 రూపాయలు వచ్చును. వయస్సు పెరిగినకొలది ఆ అంకె తగ్గును. నెలలోపల చెల్లింపనిచో నూటికి ఏటా 12 వంతున వడ్డీ. ఆలస్యమునకు తగిన కారణము లేనిచో అసలులో సగమువరకు జుర్మానా. ప్రాణమునకు ఇది వెల అని ఎవరును అనరు. అయినను ఇది దయగా ఇచ్చునది కాదు. హక్కుగా రావలసిన మొత్తము.

ఆ దయ, హక్కు అన్న భేదము వద్దనే చాలమంది తడబడుచున్నారు. పెద్ద ప్రమాదము జరిగిన వెంటనే యాజమాన్యములు, ప్రభుత్వములు ఎక్స్‌గ్రేషియా ప్రకటించుచుండును. పాశమైలారములో కంపెనీ మృతుని కుటుంబమునకు కోటి రూపాయల చొప్పున ప్రకటించినది. అట్టి సొమ్మును తీసికొనుటలో తప్పు లేదు. కాని మరణ సందర్భములో చట్టప్రకారము పరిహారమును యజమాని నేరుగా ఇంటివారి చేతిలో పెట్టరాదు. పరిహారపు కమిషనరు వద్ద జమ కట్టవలెను. నేరుగా ఇచ్చినది పరిహారముగా చెల్లదని 1923 చట్టమే చెప్పినది. "ఇక మాకు ఏ హక్కును లేదు" అని వ్రాయించుకొను ఒప్పందము కూడ చెల్లదు. ఈ నియమము ఎందుకు వచ్చినదో తెలిసికొనుట కష్టము కాదు: దుఃఖములో మునిగి, అక్షరము రాని స్త్రీ చేతిలో కొన్ని నోట్లు పెట్టి, కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొను కాలము ఒకటి ఉండెను. జమ అయిన సొమ్మును కమిషనరు భార్యకు, మైనరు పిల్లలకు, వితంతువైన తల్లికి పంచును. మైనరుల వంతును వారి మేలుకొరకు మదుపు చేయించును. తండ్రి మాత్రము తాను మృతుని సంపాదనపై ఆధారపడినట్లు చూపవలసి ఉండును.

కాంట్రాక్టు కార్మికుని ఇంటివారు ఎవరిని అడుగవలెను? 2020 జూన్ 2వ తేదీన రామగుండము ప్రాంతపు ఒకటవ ఉపరితల గనిలో ప్రేలుడు పదార్థములు నింపు పనిలో విస్ఫోటము జరిగి నలుగురు కాంట్రాక్టు కార్మికులు మరణించినారు. గని సింగరేణిది, పని కాంట్రాక్టరుది. ఇట్టిచోట్ల ఒకరు మరియొకరిని చూపుట లోకసహజము. చట్టము ఆ అవకాశము ఇవ్వలేదు: తన వ్యాపారములో భాగమైన పనిని కాంట్రాక్టరుచేత తన ఆవరణలో చేయించుకొనువాడు తన స్వంత కార్మికునకువలెనే పరిహారము చెల్లింపవలెను, తరువాత దానిని కాంట్రాక్టరునుండి రాబట్టుకొనుట అతని తంటా. కుటుంబము కాంట్రాక్టరు చిరునామా వెదకుచు తిరుగనక్కరలేదు. అయినను ఒక పెద్ద అంతరము మిగిలియే ఉన్నది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందము వలన పర్మనెంటు కార్మికుడు ఉద్యోగములో ఉండి మరణించినపుడు ఇంటిలో ఒకరికి ఉద్యోగము దొరకు మార్గము కలదు. కాంట్రాక్టు కార్మికుని ఇంటికి ఆ మార్గము లేదు. ఒకే గుంతలో, ఒకే మందుసామాను చెంత నిలిచినవారి మధ్య ఇంత అంతరము తగునా అన్నది చట్టము ఇంకను సమాధానము చెప్పని ప్రశ్న.

కర్మాగారపు కుటుంబములకు ఇంకొక్క సంగతి. రాజ్య బీమా, అనగా ఇ.ఎస్.ఐ., వర్తించు కార్మికుని ఇంటివారు ఈ పరిహారమును కాక ఆ సంస్థనుండి నెలనెలా ఆశ్రితుల భృతిని పొందుదురు. పాత చట్టములలో గనులు ఆ బీమా పరిధికి వెలుపల ఉండెను గనుక గనివారికి పరిహార చట్టమే దిక్కుగా ఉండెను. 2025 నవంబరు 21వ తేదీనుండి ఈ పాత చట్టములు సామాజిక భద్రతా స్మృతిలోను, వృత్తి భద్రతా స్మృతిలోను లీనమైనవి. పైన చెప్పిన ప్రధాన సూత్రములు మాత్రము నిలిచినవి. పట్టిక చాలదని తలచువారు సివిలు దావా వేయవచ్చును. కాని రెండు చోట్ల అడుగుటకు వీలులేదు, ఒకటి ఎంచుకొనవలెను. ప్రమాదకరమైన పరిశ్రమ నడుపువాడు దానివలన కలుగు హానికి, ఏ మినహాయింపు లేకుండ, అక్కడి పనివారికిని ఇరుగుపొరుగువారికిని బాధ్యుడని 1986 డిసెంబరులో ఢిల్లీ శ్రీరాం కర్మాగారపు వాయువు కేసులో సుప్రీముకోర్టు చెప్పినది. రైలాండ్స్ తీర్పులో గని యజమాని పొందిన న్యాయము నూటికి పైగా ఏండ్లు గడచిన తరువాత ఇట్లు పనివాని గుమ్మము వరకు వచ్చినది.

మూడవ త్రోవను గూర్చి ఎక్కువ చెప్పుటకు ఉత్సాహము కలుగదు. 1913లో వేల్సు దేశపు సెంఘెనిడ్ గనిలో ప్రేలుడువలన 439 మంది కార్మికులు మరణించినపుడు మేనేజరుపై పడిన జుర్మానా 24 పౌండ్లు. తల ఒక్కింటికి షిల్లింగు పైన కొంత చిల్లర! మన దేశములో చాస్‌నాలా గనిని నీరు ముంచినది 1975 డిసెంబరు 27న. ధన్‌బాద్ న్యాయస్థానము ఇద్దరు మాజీ అధికారులను దోషులని ఏడాది శిక్ష విధించినది 2012లో. నిబంధన ఉల్లంఘనవలన ప్రాణము పోయినచో గనుల చట్టము విధించిన గరిష్ఠ శిక్ష రెండేండ్ల ఖైదు, లేదా అయిదువేల రూపాయలు, లేదా రెండును. ఆ జుర్మానా కొత్త స్మృతిలో కనీసము అయిదు లక్షలైనది. అందులో సగమునకు తగ్గకుండ మృతుని వారసులకు ఇప్పించు అధికారము కోర్టునకు లభించినది. ఇది మేలైన మార్పు. ఇదికాక నిర్లక్ష్యముచే మరణము కలిగించుటను గూర్చి పోలీసులు సామాన్య శిక్షాస్మృతి క్రింద పెట్టు కేసు వేరు.

ఈ త్రోవలో ముల్లు ఎక్కడ ఉన్నదో చెప్పి ముందుకు పోదుము. ఫ్యాక్టరీల చట్టము క్రింద నేరము ఇన్స్పెక్టరుకు తెలిసిన మూడు నెలలలో ఫిర్యాదు దాఖలు కావలసి ఉండెను. గనుల చట్టము క్రింద సామాన్యముగా ఆరు నెలలు. ఒక కార్యాలయములో ఒక కాగితము ఒక బల్లనుండి ఇంకొక బల్లకు పోవుటలో జాప్యము జరిగినచో కేసే లేకుండ పోవచ్చును. అందుచేత సంఘములవారు గడువును గుర్తుంచుకొని తనిఖీ అధికారిని వ్రాతమూలకముగా అడుగుట అవసరము. నోటిమాటకు తేదీ ఉండదు.

కుటుంబమునకు వర్తించు గడువు వేరు. పరిహారము కోరు దరఖాస్తును మరణము జరిగిన రెండేండ్లలోపల పెట్టవలెను. కార్మికశాఖలో ఆ అధికారము పొందిన అధికారియే కమిషనరు. వకీలు లేకున్నను దరఖాస్తు పెట్టవచ్చును. పోలీసు ప్రథమ సమాచార నివేదిక, శవపరీక్ష నివేదిక, వయస్సు చూపు కాగితము, జీతము చూపు కాగితము వలసినవి. కాంట్రాక్టు కార్మికుని జీతమునకు చీటీ లేకపోవచ్చును. బ్యాంకు పుస్తకములో నెలనెలా పడిన జమయు, భవిష్యనిధి సంఖ్యయు, గేటువద్ద ఇచ్చిన పాసును పనికివచ్చును. వీటిని ఒక సంచిలో వేసి ఇంటిలో ఉంచవలెనే కాని, పనివాని జేబులోనే ఉంచరాదు. ప్రేలుడులో జేబుతోపాటు కాగితమును పోవును. హాజరు పుస్తకములో తన పేరు సరిగా ఎక్కుచున్నదో లేదో నెలకొకసారి చూచుకొనవలెను. ప్రమాద నోటీసు బోర్డుపై ఉండు ఆ పదునాలుగు దినములలో సంఘమువారు ఎవరైన వెళ్ళి, అందులో వ్రాసిన తేదీ, వేళ, స్థలము, పేర్లు ఉన్నవి ఉన్నట్లుగా నకలు వ్రాసికొని కుటుంబమునకు అందజేయవలెను.